మా ఊరి గయోపాఖ్యానం



ఈ వేళకు మీరు నారుమడి సంగతో, చీడపీడల సంగతో, పాడిపశువుల మేత సంగతో వినడానికి అలవాటుపడి వుంటారు. నేనివాళ చెప్పబోయేది నాటకం సంగతి. పట్నాలలో టిక్కెట్లు పెట్టి ఆడే నాటకం కాదు. మనమే వేషాలు కట్టి, మనవాళ్ళ ముందే ఆడే పల్లెటూరి నాటకం. దానికీ వ్యవసాయానికీ ఏమి సంబంధమయ్యా అని మీకు తోచవచ్చు. నాకూ మొదట్లో అలాగే తోచింది. మా వూళ్ళో జరిగింది చెబుతాను, వినండి.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక చిన్న వూరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గరనుంచీ మాకు కాలవ నీళ్ళే ఆధారం. సార్వాలో నీళ్ళెక్కువై బాధ, దాళ్వాలో నీళ్ళు చాలక బాధ. దాళ్వా వచ్చేసరికి గోదావరి సన్నబడుతుంది, కాలవలకు వంతులు పెడతారు. కాలవకు వంతు పెడితే బోదెకూ వంతే గదా. ఆ బోదె మీద ఎగువ చేను వాడికీ దిగువ చేను వాడికీ వచ్చే తగాదాలు మీకు నేను చెప్పవలసిన పనిలేదు. రాత్రి పూట తూము దగ్గర లాంతరు పెట్టుకుని, పార భుజాన వేసుకుని కాపలా కాసినవాళ్ళు మీలో ఎంతమంది లేరు?

మా వూళ్ళో అలాంటి తగాదా ఒకటి ముదిరి, కోర్టు దాకా వెళ్ళింది. ఎగువ చేను ఆయన, దిగువ చేను ఆయన వరసకు బావా బావమరదులే. ఒకే పంక్తిని భోజనాలు చేసినవాళ్ళే. మూడేళ్ళపాటు ఒకరి ముఖం ఒకరు చూడకుండా వూళ్ళో తిరిగారు. ఒకాయన రావిచెట్టు దగ్గర కూర్చుంటే రెండో ఆయన చెరువుగట్టున చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళేవాడు. వాయిదాకు పట్నం వెళ్ళవలసి వస్తే ఇద్దరూ ఒకే బస్సు ఎక్కి, ఒకాయన ముందు సీటులో, ఒకాయన వెనక సీటులో. ఆ కోర్టుకు తగలేసిన డబ్బుతో ఆ బోదెకు రెండువైపులా రాతి కట్టు కట్టించవచ్చునని మా నాన్నగారు అంటూండేవారు.

1968 సంక్రాంతి వెళ్ళగానే, వచ్చే శివరాత్రికి నాటకం ఆడాలని వూళ్ళో కుర్రకారుకు బుద్ధి పుట్టింది. మా బడి మాస్టారికి నాటకాల పిచ్చి. మా వైపు అది కొత్త పిచ్చి కాదు. 1880లో ధార్వాడ నాటకాలవాళ్ళు రాజమండ్రి వచ్చి ఆడిపోయిన తరువాత, మనవాళ్ళు కూడా తెలుగులో నాటకాలు వ్రాసి ఆడడం మొదలుపెట్టారు. మా వైపే ఖండవల్లిలో 1867లో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారు వ్రాసిన గయోపాఖ్యానం, ఆ తరువాత తెలుగుదేశంలో ఆడని వూరు లేదన్నట్టుగా వ్యాపించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు కూడా కుర్రతనంలో రాజమండ్రిలో వేషాలు కట్టినవారే. పెద్దవాళ్ళు కట్టిన వేషాలు మనం కడితే తప్పేమిటని మాస్టారి వాదన.

ఏ నాటకం ఆడాలన్న దగ్గర తర్జన భర్జన జరిగింది. కుర్రాళ్ళు సత్యహరిశ్చంద్ర అన్నారు. మాస్టారు కాదన్నారు. హరిశ్చంద్రలో ఒక్కడే చచ్చేటట్టు పాడాలి, కాటిసీను దాకా గొంతు నిలవాలి, అంతటివాడు మనకు లేడన్నారు. నాటకం ఆడదలచుకున్నవాళ్ళకు నేను కూడా చెప్పే మొదటి మాట అదే. ముందు నాటకం నిర్ణయించి, తరువాత మనుషులను వెతకవద్దు. మీ వూళ్ళో పాడగలిగినవాళ్ళు ఎందరున్నారు, నిలబడి మాట చెప్పగలిగినవాళ్ళు ఎందరున్నారు, అది లెక్క చూసుకుని, వాళ్ళకు తగిన నాటకం ఎంచుకోవాలి. నేలను చూసి పైరు వేస్తామే గాని, పైరును చూసి నేలను తెచ్చుకోము గదా.

మాస్టారి లెక్కలో వూరు మొత్తం మీద పద్యం ఎత్తి గట్టిగా నిలబెట్టగలిగినవాళ్ళు ఇద్దరే తేలారు. ఆ ఇద్దరూ ఎవరంటారా? ఎగువ చేను ఆయన, దిగువ చేను ఆయన. అందుకే మాస్టారు గయోపాఖ్యానం పెట్టారు.

ఈ కథ మీలో చాలామందికి తెలుసు. శ్రీకృష్ణుడు సూర్యునికి అర్ఘ్యం ఇవ్వబోతూంటే, పైన విమానంలో పోతూన్న గయుడనే గంధర్వుడు ఉమిసిన తాంబూలం ఆయన దోసిట్లో పడుతుంది. వాడి తల నరుకుతానని కృష్ణుడు శపథం పడతాడు. గయుడు పారిపోయి అర్జునుణ్ణి శరణంటాడు. ఎవరి మీద తగాదానో అడగకుండా అర్జునుడు అభయమిస్తాడు. తీరా చూస్తే అవతలివాడు కృష్ణుడు. ఇచ్చిన మాట తప్పలేడు, బావతో పోరలేడు. అదే నాటకం. 1963లో రామారావుగారు కృష్ణుడుగా, నాగేశ్వరరావుగారు అర్జునుడుగా ఈ కథే శ్రీకృష్ణార్జున యుద్ధమని సినిమాగా వచ్చింది. అది చూసినవాళ్ళు మా వూళ్ళో చాలామంది ఉండడం మాకు సహాయమూ అయింది, తలనొప్పీ అయింది. మా కృష్ణుడు రిహార్సలులో నోరు తెరిచినప్పుడల్లా ఎవడో ఒకడు, "రామారావు అలా నవ్వలేదండీ" అనేవాడు.

ఎగువ ఆయనకు కృష్ణుడు, దిగువ ఆయనకు అర్జునుడు అని మాస్టారు కాగితం మీద వ్రాసి, విడివిడిగా వెళ్ళి చెప్పారు. ఎదటి వేషం ఎవరిదో మాత్రం చెప్పలేదు. మొదటి రోజు రాత్రి బడి వరండాలో హరికేన్ లాంతరు ముందు ఇద్దరూ ఎదురుపడ్డారు. కృష్ణుడు కండువా దులిపి లేచాడు. అర్జునుడు చెప్పులు వేసుకున్నాడు. మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మీరు మాట్లాడుకోవద్దండీ. పుస్తకంలో వున్నవి చెప్పుకోండి. అవి మీ మాటలు కావు, చిలకమర్తి వారివి" అన్నారు. ఇద్దరికీ పద్యం మీద వున్న మమకారం ముందు కోపం ఆ పూటకు తగ్గింది. ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు.

ఇక నా సంగతి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. గొంతు లేదు, రూపం లేదు, కాని చెట్లెక్కడంలో ఘటికుణ్ణి. అందుకని గయుడి వేషం ఇచ్చారు. విమానం ఎలాగూ తెప్పించలేము గనుక, వెనక తెర అవతల తాటిదుంగకు నిచ్చెన కట్టి, అట్టముక్క మీద హంసబొమ్మ వేసి ముందు నిలబెట్టాము. నేను నిచ్చెన మీద నిలబడితే అవతలివాళ్ళకు విమానంలో వున్నట్టే కనిపిస్తుంది. మొదటిసారి నిజంగానే తమలపాకులు నమిలి ఉమిశాను. అది దోసిట్లో పడవలసింది పోయి కృష్ణుడిగారి కొత్త గ్లాస్గో పంచె మీద పడ్డది. ఆయనకు వచ్చిన కోపం నటన కాదు. "వీణ్ణి ఆ దిగువవాళ్ళే పంపించారు" అని లేచిపోయాడు. మర్నాడు మా అమ్మ ఆ పంచె ఉతికి, గంజి పెట్టి తీసుకువెళితే గాని ఆయన మళ్ళీ రాలేదు. ఆ తరువాత దూదిపింజను కుంకుమ నీళ్ళలో తడిపి వదలడం నేర్చుకున్నాము.

రిహార్సల్సు శివరాత్రి దాకా జరిగాయి. పగలు దాళ్వా నాట్లు, రాత్రి నాటకం. నాట్లు ముగిసేదాకా వారానికి మూడు రాత్రులే, అదీ రెండు గంటలకు మించకుండా పెట్టుకున్నాము. పొద్దుటే ఆకు తీయవలసినవాణ్ణి రాత్రి పన్నెండింటిదాకా నిలబెడితే వాడు నాటకానికీ పనికిరాడు, చేనికీ పనికిరాడు. నాట్లు అయిన తరువాత రోజూ కూర్చున్నాము. ఎవరి పోర్షను వాళ్ళు సొంత దస్తూరీతో నోటుపుస్తకంలో వ్రాసుకోవాలని మాస్టారు నియమం పెట్టారు. చదువురాని ఇద్దరికి బడిపిల్లలు చదివి వినిపించేవాళ్ళు. ఆ ఇద్దరిలో ఒకడు నాటకం అయ్యేనాటికి అక్షరాలు కూడబలుక్కుని, తన పోర్షను తానే చదువుకున్నాడు. రాత్రిబడి పెట్టి ఏడాదిపాటు పిలిచినా రానివాడు వాడు.

నారద వేషం దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఊళ్ళో చక్కని గొంతు వున్న కుర్రవాడు ఒకడున్నాడు. భజనలో వాడు ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఆగి వినేవాళ్ళు. అయితే వాడిది ఆ రోజుల్లో మేము హరిజనవాడ అని పిలిచే పేట. వాణ్ణి పిలవడానికి కొందరు పెద్దలు ఒప్పుకోలేదు. కృష్ణుడు లేచి నారదుడికి నమస్కారం పెట్టి, కాళ్ళు కడిగి ఆసనం చూపించాలి, అది కుదరదు అన్నారు. వాళ్ళ మాట అలా వుంచండి, మాలో కూడా కొందరు గుటకలు మింగారు. ఈ మాట ఇవాళ చెప్పడానికి సిగ్గుగానే వుంది, కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి. మాస్టారు మాత్రం, "నారదుడు మూడు లోకాలూ తిరిగేవాడు. మన వూళ్ళో రెండు పేటలు తిరగలేకపోతే వాడు నారదుడేమిటి? వాడు లేకపోతే నేను లేను" అని పుస్తకం మూసేశారు. రెండు రాత్రులు రిహార్సలు లేదు. మూడో రాత్రి దిగువ ఆయన, అంటే మా అర్జునుడు, స్వయంగా వెళ్ళి ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. ఉదారబుద్ధితోనే వెళ్ళాడో, కృష్ణుడు ఎవరికో ఒకరికి మొక్కడం చూడాలని వెళ్ళాడో నాకు తెలియదు. నాటకం రోజున మా కృష్ణుడు కాళ్ళు కడగవలసిన చోట చెంబులో నీళ్ళు చల్లి ఊరుకున్నాడు. సగం అన్నమాట. నారదుడు మాత్రం పద్యం పూర్తిగానే పాడాడు. మూడుసార్లు వన్స్‌మోర్ పడ్డది.

స్త్రీ వేషాలకు మా వూరి ఆడపిల్లలు స్టేజి ఎక్కే రోజులు కావవి. మగవాళ్ళే ఆడవేషం కట్టి మెప్పించిన స్థానం నరసింహారావుగారి వంటి మహానుభావులు వుండేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. మాకు స్థానం వారు ఎక్కడనుంచి వస్తారు? మీసాలు తీయడానికే ఎవరూ ఒప్పుకోలేదు. కనుక సుభద్రకూ రుక్మిణికీ రాజమండ్రినుంచి ఇద్దరు నటీమణులను కుదుర్చుకున్నాము. వాళ్ళకు అన్నీ కంఠతా. ముందురోజు వచ్చి ఒక్క రిహార్సలు చూసి, ఎక్కడ తగ్గాలో ఎక్కడ హెచ్చాలో మాకే నేర్పారు. అలా పొరుగూరినుంచి వచ్చినవాళ్ళకు విడిది, భోజనం, తిరిగి బస్సు ఎక్కించడం, ఇవన్నీ మర్యాదగల ఇంటివాళ్ళకు ఒప్పగించాలి. కుర్రాళ్ళకు వదలకూడదు. మేము మా పెద్దమ్మ ఇంట్లో దింపాము. ఆవిడ వాళ్ళకు పసుపు కుంకుమ పెట్టి చీరలిచ్చి పంపించింది.

ఖర్చు సంగతి అడుగుతారు గనుక చెబుతాను. మైకు సెట్టుకు యాభై రూపాయలు, డ్రస్సులకూ సీనులకూ నూటయాభై, నటీమణులకు నూటఅరవై, హార్మోనిస్టుకూ తబలాకూ తొంభై, గ్యాసులైట్లు ఎనిమిదింటికి నలభై, కాఫీలకూ భోజనాలకూ అరవై, వెరసి 550 రూపాయలు. ఆ రోజుల ధరలు సుమండీ. పందిరికి తాటాకు, సరుగుడు గుంజలు రైతులే ఇచ్చారు. నాలుగు బండ్లు మట్టి తోలి, మూడడుగుల ఎత్తు దిమ్మ కట్టి, పైన పేడతో అలికి, బల్లలు పరిచాము. చందాలు 430, ఆ రాత్రి చదివింపులు 96 వచ్చాయి. ఇరవై నాలుగు రూపాయలు తక్కువ పడితే మాస్టారు జీతంలోంచి వేసుకున్నారు. ఆ మాట చాలా ఏళ్ళ తరువాత గాని మాకు తెలియలేదు. చందాల లెక్క మైకులో చదవడం మంచి పద్ధతి. ఎవరు ఎంత ఇచ్చారన్నదే కాదు, దేనికి ఎంత అయిందో కూడా చదవాలి. లెక్క చెప్పని నాటకం మరుసటి ఏడు ఆడరు.

రంగుల గురించి ఒక హెచ్చరిక. పాతకాలపు భాగవతులు ముఖానికి పచ్చని రంగు కోసం అరదళం అరగదీసి పూసుకునేవారు. అరదళం పాషాణ జాతి. ఎలుకలకూ పురుగులకూ పనికివచ్చే విషాన్ని మన ముఖానికి పూసుకుని చెమట పట్టించుకోవడం తెలివి కాదు. ఎక్కడైనా పాత పెట్టెల్లో మిగిలివుంటే ముట్టుకోకండి, పిల్లలకు అందనివ్వకండి. మా కృష్ణుడికి సఫేదాలో నీలిమందు కలిపి, కొబ్బరినూనెతో పట్టించాము. చెవుల వెనక ఆ నీలం వారం రోజులు వదలలేదు.

ఇక్కడ విస్తరణ పనిచేసేవారికి ఒక్క మాట. ఆ ఏడు మా దాళ్వాలో ఎలుకల బెడద విపరీతంగా వుంది. మా గ్రామసేవకుడు వచ్చి, నాటకం మధ్యలో తనకు పది నిమిషాలు ఇవ్వమన్నాడు. మాస్టారు, అయిదు నిమిషాలే, అదీ ఉపన్యాసం కాదు, హాస్యగాడితో మాటగా చెప్పాలన్నారు. యుద్ధం సీనుకు డ్రస్సులు మార్చే వేళలో తెర ముందుకు వాళ్ళిద్దరూ వచ్చారు. హాస్యగాడు కలుగులో ఎలుక అల్లుడుగా వచ్చి కట్నం అడుగుతాడు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, జింకు ఫాస్ఫైడు 2 పాళ్ళు, ఇదే కట్నమంటాడు గ్రామసేవకుడు. ముందు రెండు రోజులు మందు లేకుండా ఉత్త నూకలు నూనెతో పెట్టి రుచి మరిగించాలనీ, మందు చేత్తో కలపక పుల్లతో కలపాలనీ, చచ్చిన ఎలుకలను పూడ్చాలనీ, కోళ్ళనూ కుక్కలనూ ఆ దరికి రానివ్వకూడదనీ అన్నీ ఆ నవ్వుల్లోనే వచ్చాయి. వారం తిరగకుండా వూరంతా కలిసి ఒకే రోజున ఎరలు పెట్టింది. ఎలుకల మందు అందరూ ఒకేసారి పెడితేనే గుణం. ఒక్కడు పెడితే పక్క చేలోవి వచ్చి చేరతాయి. అదే గ్రామసేవకుడు పొరుగూరి నాటకంలో ఉత్సాహం కొద్దీ అరగంట మాట్లాడాడట. ఈలలు వేసి దింపేశారు.

ఇప్పుడు అసలు రాత్రికి వస్తాను.

శివరాత్రి దగ్గర పడుతున్నకొద్దీ మా అర్జునుడు దిగులుగా కనిపించసాగాడు. ఏమిటని అడిగితే చెప్పడు. చివరకు నాటకానికి రెండురోజుల ముందు నన్ను పక్కకు పిలిచి, "ఒరే అబ్బాయ్, నేను కట్టలేను. మాస్టారికి నువ్వే చెప్పాలి" అన్నాడు. తీరా కారణమేమిటంటే, బోదె మీద ఆయన వంతు సరిగ్గా శివరాత్రి రాత్రే పడ్డది. పొద్దు గూకిన దగ్గరనుంచి తెల్లవారేదాకా. అది తప్పితే మళ్ళీ ఎనిమిది రోజులకు గాని నీళ్ళు రావు. పైరు పిలక తొడిగే అదను. నేల అప్పటికే నెర్రె విచ్చుతోంది. ఆయనకు పాలేరు లేడు, కొడుకు చిన్నవాడు. తను ముఖానికి రంగు పూసుకుని పద్యాలు పాడుతూంటే, ఎగువ తూము తెరవరని ఏమి నమ్మకం?

నాకేమి చెప్పాలో తోచలేదు. నాటకమా, పైరా అంటే పైరే. నేనైనా అదే అంటాను. మాస్టారికి చెబితే ఆయన కాసేపు మాట్లాడకుండా కూర్చుని, కృష్ణుడింటికి వెళ్ళారు. అక్కడ ఏమి మాట్లాడారో నేను వినలేదు. తిరిగివచ్చి అర్జునుడితో, "ఆ రాత్రి ఎగువ తూము ముయ్యబడి వుంటుంది. మాట ఇచ్చాడు" అన్నారు. అర్జునుడు నమ్మాడని నేననుకోను. కాని మాస్టారి ముఖం చూసి కాదనలేక వేషం కట్టాడు. పన్నెండేళ్ళ కొడుకును లాంతరు ఇచ్చి గట్టు మీద కూర్చోబెట్టాడు.

చుట్టుపక్కల వూళ్ళనుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చారు. ప్రార్థన అయ్యేసరికి రాత్రి పది గంటలు. కృష్ణుడు తెర వెనకనుంచి మొదటి పద్యం ఎత్తేసరికి పందిరంతా సద్దుమణిగింది. మనిషి మీద ఎవరికెన్ని కోపాలున్నా ఆ గొంతు మీద ఎవరికీ లేవు. నా దూదిపింజ సరిగ్గా దోసిట్లో పడ్డది. మా అమ్మ ముందు వరసలో నిట్టూర్చడం నిచ్చెన మీదకు వినిపించింది.

తెల్లవారుజాము మూడు గంటల వేళ కృష్ణార్జునులు ఎదురుపడే సీను. అర్జునుడు పద్యం మొదలుపెట్టి, రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. నేను పక్క తెర చాటున వున్నాను. ఆయన చూపు జనం మీద లేదు, పందిరి చివర చీకట్లో బోదె వైపు వుంది. అటు గట్టు మీద లాంతరు కనబడడం లేదు. కుర్రవాడు నిద్రపోయాడో, లాంతరు ఆరిపోయిందో. ప్రాంప్టరు పాదం అందించాడు. వినలేదు. మళ్ళీ అందించాడు. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని అలాగే వున్నాడు. వెనకనుంచి ఒకడు ఈల వేశాడు. ఇన్ని రాత్రుల కష్టం ఇంతేనని నా గుండె జారిపోయింది.

అప్పుడు కృష్ణుడు ఒక అడుగు ముందుకు వేసి, "ఏం బావా! ఏమిటా పరధ్యానం? నా మాట మీద నీకు నమ్మకం లేదా?" అన్నాడు.

ఆ మాట పుస్తకంలో లేదు. జనానికి అది నాటకమే. మాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అర్జునుడు తలతిప్పి ఆయన వంక చూశాడు. ఒక్క నిమిషం అలాగే చూసి, పద్యం మళ్ళీ మొదటినుంచి ఎత్తి, చివరిదాకా ఒక్క గుక్కలో లాగాడు. పందిరి లేచిపోయింది. వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాడు. మా నాన్నగారు జేబులోంచి రెండు రూపాయలు తీసి చదివించారు. ఆయన నాటకానికి డబ్బివ్వడం నేను చూడడం అదే మొదలు.

నాటకం ముగిసి మంగళహారతి ఇచ్చేసరికి తూర్పు తెల్లబడింది. అర్జునుడు కిరీటం తీసి నా చేతిలో పెట్టి, రంగు కడుక్కోకుండానే పంచె ఎగకట్టి బోదె వైపు నడిచాడు. ఆయన వెనకనే కృష్ణుడు. పిలిచింది లేదు, మాట్లాడింది లేదు. ఏమవుతుందోనని నేనూ, నారదుడు వేసిన కుర్రవాడూ కిరీటాలు పట్టుకుని వాళ్ళ వెనకాల పరుగెత్తాము.

పిల్లవాడు గట్టు మీద గోనెపట్టా కప్పుకుని నిద్రపోతున్నాడు. లాంతరులో కిరసనాయిలు అయిపోయింది. ఎగువ తూము తెరిచే వుంది. సగానికి పైగా నీళ్ళు ఎగువ చేలోకే పోతున్నాయి. దిగువ చేలో పైమడులు తడిశాయి గాని, చివరి మడులు పొడిగానే వున్నాయి. అర్జునుడు ఒక్క మాట అనలేదు. గట్టు మీద చతికిలబడ్డాడు.

కృష్ణుడు కూడా తెల్లబోయాడు. నీలంరంగు పూసుకున్న ముఖం తెల్లబోవడమేమిటని మీరు నవ్వవచ్చు, కాని నేను చూశాను. ఇంట్లో చెప్పడం మరిచాడో, చెప్పినా పాలేరు అలవాటు కొద్దీ వచ్చి తెరిచాడో, ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పట్టు పీతాంబరం పైకి దోపి, బోదెలోకి మోకాలి లోతున దిగాడు. పార లేదు. చేతులతోనే అడుగునుంచి రేగడిమట్టి ఎత్తి, రెండు జానపలకలు అడ్డం పెట్టి తూము మూశాడు. చుక్క కారకుండా కాలితో తొక్కాడు. గట్టెక్కి, ఎవరి వంకా చూడకుండా, "రేపు పొద్దుగూకేదాకా నీళ్ళు అటే పోతాయి. నా వంతు ఎల్లుండినుంచి చూసుకుంటాను" అని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ పీతాంబరానికి అంటిన మట్టి వదలక డ్రస్సు కంపెనీవాడు ఎనిమిది రూపాయలు పట్టుకున్నాడు. ఆయనే కట్టాడు.

ఆ మర్నాటినుంచి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారని చెబితే అబద్ధమవుతుంది. కోర్టు కేసు వేసవి సెలవుల తరువాత గాని రాజీ పడలేదు. అది కూడా మాస్టారూ, ఇంకో ఇద్దరు పెద్దలూ కూర్చుని, బోదె మీద వున్న పదకొండు మంది రైతుల వంతులు గంటలతో సహా కాగితం మీద వ్రాయించి, అందరిచేతా సంతకాలు పెట్టించిన తరువాత. తూముకు పలక బిగించి, తాళం చెవి ఎవరి వంతు వస్తే వాళ్ళకు అందించే ఏర్పాటు చేసుకున్నారు. మీ బోదె మీద అలాంటి కాగితం లేకపోతే, తగాదా వచ్చేదాకా ఆగకుండా నీళ్ళు సమృద్ధిగా వున్నప్పుడే వ్రాసుకోండి. కరువులో వ్రాసే కాగితం మీద ఎవడూ సంతకం పెట్టడు.

ఆ మరుసటి ఏడు కురుక్షేత్రం ఆడాము. రాయబారం సీనులో ఎగువ ఆయన మళ్ళీ కృష్ణుడే. దిగువ ఆయన ఈసారి దుర్యోధనుడు వేస్తానని పట్టుబట్టాడు. ఎందుకయ్యా అంటే, "ఒక్కసారైనా వాణ్ణి కట్టివేయమని కేకవేస్తే గాని నా కసి తీరదు" అన్నాడు. ఆ మాట విని అందరికన్నా ముందు నవ్వింది మా కృష్ణుడే. నాకు ఆ ఏడు వేషం లేదు. తెర లాగే పని ఇచ్చారు.